చలి ప్రాంతంలో ఆప్రికాట్: ముందు చోటు, తర్వాత వేరు, ఆఖరున రకం

ఆప్రికాట్ వేయాలనుకునేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది "ఏ రకం మంచిది?" అని. చలి ప్రాంతంలో మాత్రం నా లెక్క ప్రకారం అది మూడో ప్రశ్న. చెట్టు ఎక్కడ నిలబడుతుంది అన్నది మొదటిది. ఏ వేరు మూలం (అంటు కింద ఉండి వేరునిచ్చే మొక్క) మీద అంటు కట్టారన్నది రెండోది. ఈ రెండూ కుదిరితే ఓ మోస్తరు రకం కూడా కడుపు నిండా పళ్లిస్తుంది. ఇవి కుదరకపోతే ఎంత పేరున్న రకం తెచ్చినా పూత చూసి మురవడమే మిగులుతుంది.

ఎందుకంటే ఆప్రికాట్ చెట్టుకు చలి అంటే భయం లేదు. ఆకు రాల్చి గాఢనిద్రలో ఉన్నప్పుడు మైనస్ 25 డిగ్రీల చలిని కూడా ఓర్చుకుంటుంది. కొన్ని రకాలు ఇంకా లోతు చలిని తట్టుకుంటాయి. దాని బలహీనత అంతా పూతలో ఉంది. పండ్ల చెట్లలో బాదం తర్వాత అందరికన్నా ముందు పూసేది ఇదే. ఆకు ఇంకా రాకముందే, శీతాకాలం పూర్తిగా పోకముందే కొమ్మలు తెల్లగా, లేత గులాబీ రంగుగా నిండిపోతాయి. మొగ్గ ఉబ్బడం మొదలైన దశలో మైనస్ 9 డిగ్రీల దాకా పెద్ద నష్టం ఉండదు. అదే మొగ్గ పూర్తిగా విచ్చుకున్నాక మైనస్ 2.8 దగ్గర అరగంట గడిస్తే పదింట ఒక పువ్వు చస్తుంది. మైనస్ 5.6 దగ్గరైతే పదింట తొమ్మిది చస్తాయి. రేకులు రాలి పిందె బయటపడ్డాక అది మరీ సుకుమారం, మైనస్ 4 దగ్గరే దాదాపు అంతా పోతుంది. పొద్దున్నే వెళ్లి పువ్వు చీల్చి చూస్తే మధ్యలో ఉండే చిన్న అండాశయం నల్లబడి కనిపిస్తుంది. రేకులు మాత్రం ఏమీ జరగనట్టే తెల్లగా ఉంటాయి. అందుకే చాలామంది చెట్టు బాగా పూసింది, కాయ ఎందుకు పట్టలేదో అర్థం కాలేదు అంటుంటారు.

కాబట్టి ఇక్కడ ఎంచుకోవలసినదంతా ఆ మూడు నాలుగు వారాల చుట్టూనే తిరుగుతుంది. పూతను ఆలస్యం చేయగలరా, లేక వచ్చిన పూతను కాపాడగలరా? మీ ప్రాంతాన్ని బట్టి ఈ రెండింటిలో ఒకటి సులువుగా ఉంటుంది, రెండోది కష్టంగా ఉంటుంది.

చలి ప్రాంతాలన్నీ ఒకటి కావు

చెట్టు నిద్రలోంచి లేవాలంటే రెండు మెట్లున్నాయి. మొదట దానికి కావలసినంత చలి అందాలి. సాధారణంగా సున్నాకూ 7 డిగ్రీలకూ మధ్య గడిచిన గంటలను లెక్కపెడతారు, వాటినే చలి గంటలు అంటారు. వెచ్చని ప్రాంతాల కోసం తయారైన రకాలకు 300 గంటలు చాలు, చలి ప్రాంతపు రకాలకు 700 నుంచి 1000 దాకా కావాలి. ఆ లెక్క పూర్తయ్యాక రెండో మెట్టు మొదలవుతుంది, అదే వెచ్చదనం. చిక్కంతా ఇక్కడే. చలి లెక్క తీరిన తర్వాత ఆప్రికాట్ మొగ్గకు కొద్దిపాటి వెచ్చదనం చాలు, కదులుతుంది. ఆపిల్ అలా కాదు, ఇంకా చాలా వెచ్చదనం కోసం ఆగుతుంది. నడి శీతాకాలంలో వారం రోజులు ఎండ కాస్తే ఆప్రికాట్ వసంతం వచ్చేసిందనుకుంటుంది. ఆ తర్వాత చలి తిరిగొస్తుంది.

అందువల్ల చలి తీవ్రత కన్నా చలి నిలకడ ముఖ్యం. లద్దాఖ్, హుంజా లోయలు, టర్కీలోని మలత్యా పీఠభూమి, ఇవన్నీ చలికాలం గడ్డకట్టే ప్రాంతాలే. అయినా ప్రపంచంలో పేరున్న ఆప్రికాట్ తోటలు అక్కడే ఉన్నాయి. ఎండబెట్టిన ఆప్రికాట్‌కు మలత్యాను మించిన ఊరు లేదు. అక్కడ శీతాకాలం వచ్చిందంటే గట్టిగా కూర్చుంటుంది, పోయిందంటే వేసవి వేడిగా, పొడిగా ఉంటుంది. ఆ ప్రాంతాల్లో కూడా కొన్నేళ్లు వసంతపు మంచు పంటను తుడిచిపెడుతుంది, కానీ చెట్టు మాత్రం ఆరోగ్యంగా బతుకుతుంది.

రెండో తరహా, సముద్రపు గాలి తగిలే చల్లటి ప్రాంతాలు. ఇంగ్లండ్, వాయవ్య ఐరోపా తీరాలు ఈ కోవలోవి. అక్కడ శీతాకాలం పెద్ద చలిగా ఉండదు, కానీ ఒక వారం వెచ్చగా, ఒక వారం చల్లగా ఊగిసలాడుతుంది. పూత సమయంలో వాన పడుతుంది. వేసవి మెత్తగా గడుస్తుంది. చెట్టు చనిపోయేంత చలి రాదు, కానీ పూతకు మంచు, కొమ్మకు తెగులు, కాయకు ఎండ చాలకపోవడం, మూడూ ఒకేసారి మీద పడతాయి. నన్నడిగితే ఆప్రికాట్‌కు మైనస్ 25 డిగ్రీల ఎండు చలి కన్నా ఈ తడి చలే ఎక్కువ కష్టం.

మీది ఏ తరహానో తేల్చుకోకుండా ముందుకు వెళ్లవద్దు. కిందటి కొన్నేళ్ల వాతావరణ లెక్కలు తీసి రెండు విషయాలు చూడండి: శీతాకాలం మధ్యలో పగటి వేడి పది డిగ్రీలు దాటిన రోజులు తరచుగా వస్తున్నాయా, ఆఖరి మంచు ఎప్పుడు పడుతోంది. ఈ రెండూ తెలిస్తే కింద చెప్పే సలహాల్లో మీకు పనికొచ్చేవి ఏవో తేలిపోతుంది. ఒక తరహాకు చెప్పిన సలహా రెండో తరహాలో తలకిందులవుతుంది కనుక ఇది తప్పనిసరి.

గోడ, వాలు, కప్పు, కుండీ

సముద్రతీరపు మెత్తని చలిలో ఎండ తగిలే గోడకు మించిన చోటు లేదు. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు లేదా నైరుతి వైపు చూసే గోడ, దక్షిణార్ధగోళంలో ఉత్తరం వైపు చూసేది కావాలి. ఇటుక గోడ పగలంతా ఎండ పీల్చుకుని రాత్రి నెమ్మదిగా వదులుతుంది. చెట్టును విసనకర్ర ఆకారంలో, కొమ్మలు రెండు వైపులా పరుచుకునేలా తీగలకు కట్టి పెంచుతారు. ఓ మోస్తరు బలం గల వేరు మూలం మీద ఉన్న చెట్టుకు నాలుగైదు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు కావాలి. గోడ మొదలుకు ఆనించి నాటకూడదు, అక్కడ వాన పడదు, మట్టి ఎప్పుడూ ఎండిపోయి ఉంటుంది. ఓ 30 నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో నాటి, కాండాన్ని గోడ వైపు కాస్త వాల్చాలి.

అయితే గోడకు ఒక మెలిక ఉంది. అది కాయను బాగా పండిస్తుంది, కానీ పూతను కూడా ముందుకు లాగుతుంది. అంటే గోడను ఎంచుకున్నారంటే పూతకు కప్పు వేసే పని కూడా ఎంచుకున్నట్టే. దీన్ని నేను లోపంగా చూడను. చెట్టు చదునుగా ఉంది కనుక కప్పడం తేలిక. గోడ పై అంచు నుంచి పలుచటి పంట కప్పు గుడ్డను వేలాడదీసి, పువ్వులకు తగలకుండా రెండు మూడు కర్రలు అడ్డం పెడితే చాలు. చదరపు మీటరుకు 17 గ్రాముల బరువున్న రకం ఓ రెండు డిగ్రీల రక్షణ ఇస్తుంది, 30 గ్రాములది ఇంకొంచెం ఎక్కువ ఇస్తుంది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. పైన చెప్పిన అంకెలు మళ్లీ చూడండి: పదింట ఒక పువ్వు పోవడానికీ తొమ్మిది పోవడానికీ మధ్య ఉన్న తేడా మూడు డిగ్రీల కన్నా తక్కువ. పొద్దున గుడ్డ పైకి చుట్టేయాలి, లేకపోతే తేనెటీగ లోపలికి రాదు.

దీనికన్నా మెరుగైనది, గోడకు పైన చిన్న చూరులా పాలిథిన్ కప్పు బిగించడం. మంచుతో పాటు వానను కూడా ఆపుతుంది. తడి ప్రాంతంలో పూత మాడు తెగులు చేసే నష్టం మంచు చేసే నష్టానికి ఏమాత్రం తీసిపోదు. మొనిలీనియా అనే శిలీంధ్రం తడిసిన పువ్వులోంచి కొమ్మలోకి దిగుతుంది. పువ్వులు గోధుమ రంగుకు తిరిగి రాలకుండా అక్కడే అతుక్కుని ఉంటాయి, వాటి మొదలు దగ్గర బంక కారుతుంది, కొమ్మ చివర ఎండిపోతుంది. పువ్వు తడవకపోతే ఈ బాధ చాలా వరకు తప్పుతుంది. తడి ప్రాంతంలో ఉన్నవాళ్లు మందుల గురించి ఆలోచించే ముందు కప్పు గురించి ఆలోచించాలని నా గట్టి అభిప్రాయం.

లోతట్టు ప్రాంతపు ఎండు చలిలో ఇదంతా తిరగబడుతుంది. అక్కడ ఎండ గోడ పక్కన పెడితే కోరి ఇబ్బంది తెచ్చుకున్నట్టే. శీతాకాలపు మధ్యాహ్నం ఎండకు గోడ, కాండం వేడెక్కుతాయి, రాత్రి ఒక్కసారిగా చలి పడిపోతుంది, ఎండ తగిలిన వైపు బెరడు చీలుతుంది. ఆ చీలికలోంచే పుండ్లు మొదలవుతాయి. ఇక్కడ కావలసింది ఆరుబయలు వాలు. ఉత్తరార్ధగోళంలో ఉత్తరం లేదా తూర్పు వైపు దిగే వాలైతే నేల ఆలస్యంగా వేడెక్కుతుంది, పూత కొన్ని రోజులు వెనక్కి జరుగుతుంది. ఆ కొన్ని రోజుల్లోనే పంట ఉంటుంది. వేసవి ఎండ ఎలాగూ పుష్కలం కనుక కాయ పండడానికి లోటు రాదు. కాండానికి తెల్ల సున్నం లేదా తెల్ల రంగు పూస్తే బెరడు చీలడం తగ్గుతుంది. ఆకు రాలిన వెంటనే, గట్టి చలి రాకముందే ఆ పని చేయాలి.

వాలులో కూడా అట్టడుగున నాటవద్దు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి నీళ్లలాగే పల్లానికి పారి అక్కడ నిలుస్తుంది. వాలు మధ్య భాగం అన్నిటికన్నా మేలు. కింద దట్టమైన కంచె గానీ ప్రహరీ గానీ ఉంటే ఆ చల్లగాలి బయటకు పోలేక మడుగు కడుతుంది, అటువంటిచోట కంచెలో ఒక ఖాళీ విడిచిపెట్టాలి.

పాలీహౌస్ సంగతికి వస్తే, వేడి చేయని మామూలు పాలిథిన్ కప్పు కింద ఆప్రికాట్ చక్కగా పండుతుంది. వాన తగలదు, కాయ తియ్యగా, మచ్చలేకుండా వస్తుంది. శీతాకాలమంతా పక్కలు, తలుపులు తెరిచే ఉంచాలి, లేకపోతే లోపల చలి గంటలు పూర్తికావు, పైగా పగటి వేడికి మొగ్గ తొందరపడుతుంది. పూత విచ్చుకునేటప్పుడు మాత్రం రాత్రిపూట మూస్తే చాలు. వేసవిలో గాలి చాలకపోతే ఎర్రనల్లి పడుతుంది. చోటు, పెట్టుబడి రెండూ ఉన్నవాళ్లకు తడి ప్రాంతంలో ఇది గోడను మించిన మార్గం.

కుండీ గురించి చాలామంది చిన్నచూపు చూస్తారు, నేను ఒప్పుకోను. 45 నుంచి 50 సెంటీమీటర్ల వెడల్పు కుండీలో చెట్టు రెండు మీటర్లలోపే ఆగుతుంది. శీతాకాలం బయట ఉంచి చలి పట్టనిచ్చి, పూత రంగు కనపడగానే చూరు కిందకో వరండాలోకో జరపవచ్చు. పూతను కాపాడే విషయంలో ఇంత ఖచ్చితంగా పనిచేసే పద్ధతి ఇంకొకటి లేదు. పండ్లు తక్కువే వస్తాయి, కానీ నమ్మకంగా వస్తాయి. రెండు జాగ్రత్తలు. వేసవిలో నీళ్లు ఒక్కరోజు తప్పినా పిందె రాలుతుంది. ఎండు చలి ప్రాంతంలో కుండీ గడ్డకట్టకూడదు, ఎందుకంటే కొమ్మ ఓర్చుకునే చలిని వేరు ఓర్చుకోలేదు. నేలలో ఉన్న వేరుకు మట్టే దుప్పటి, కుండీలో ఆ రక్షణ ఉండదు. కుండీ చుట్టూ గడ్డి గానీ గోనె గానీ చుట్టాలి, లేదా చల్లటి షెడ్డులోకి చేర్చాలి.

వేరు మూలం

మొక్క కొనేటప్పుడు చీటీ మీద రకం పేరు పెద్దగా, వేరు మూలం పేరు చిన్నగా ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. లేకపోతే అడగండి, చెప్పలేకపోతే వేరేచోట కొనండి. చలి ప్రాంతంలో చెట్టు పదేళ్లకు బతికి ఉంటుందా అన్నది చాలా వరకు ఇదే నిర్ణయిస్తుంది.

ఆప్రికాట్ గింజ మొలక మీద కట్టిన అంటు కలయిక పరంగా అన్నిటికన్నా గట్టిది. నీరు త్వరగా ఇంకిపోయే గరప నేలలో, ఎండు వేసవి ఉన్నచోట ఇది మంచిది. కానీ వేరు దగ్గర నీళ్లు నిలిస్తే తట్టుకోలేదు. శీతాకాలం తడిగా ఉండే బంకమట్టిలో దీన్ని పెట్టడం కన్నా పెట్టకపోవడం మేలు. పీచ్ మొలక మీద కట్టినవీ అంతే, నీరు నిలవడం వాటికీ పడదు, సున్నపు నేలలో ఆకు పచ్చదనం కోల్పోతుంది.

తడి నేలకు ప్లమ్ జాతి వేరు మూలాలు కావాలి. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్‌లో ఎంపికైన సెయింట్ జూలియన్ ఏ వీటిలో బాగా పరిచయమున్నది. ఓ మోస్తరు బలం, బరువైన నేలనూ సర్దుకుంటుంది, గోడ మీద విసనకర్రకు సరిపోతుంది. టోరినెల్ ఫ్రాన్స్‌లో ప్రత్యేకించి ఆప్రికాట్ కోసమే ఎంపిక చేసినది, కలయిక బాగుంటుంది, బలం సెయింట్ జూలియన్ స్థాయిలోనే ఉంటుంది. రెండూ దొరికితే నేను టోరినెల్ తీసుకుంటాను. ఆస్ట్రియా నుంచి వచ్చిన వావిట్ ఇంకాస్త పొట్టిగా ఉంచుతుంది, కుండీకీ చిన్న జాగాకూ నప్పుతుంది. మైరోబలన్ మీద చెట్టు చాలా పెద్దదవుతుంది, పేలవమైన నేలలోనూ నిలబడుతుంది. కానీ కొన్ని ఆప్రికాట్ రకాలతో దాని అంటు సరిగా అతకదు, బాగా కాసిన ఏడాది పెనుగాలికి అంటు దగ్గరే పుటుక్కున విరిగే ప్రమాదం ఉంది. మీరు కొనే రకంతో అది కుదురుతుందని నర్సరీవాళ్లు గట్టిగా చెప్తేనే తీసుకోండి.

ఇంకో విషయం మధ్య ఐరోపా రైతుల నుంచి నేర్చుకోవలసినది. ఆప్రికాట్‌ను పట్టిపీడించే పెద్ద బాధ ఆకస్మిక మరణం. నిండుగా ఆకులున్న చెట్టు వేసవిలో ఉన్నట్టుండి వాడి, కొద్ది రోజుల్లో ఒక పెద్ద కొమ్మో, మొత్తం చెట్టో ఎండిపోతుంది. దీనికి ఒకే కారణమంటూ లేదు. శీతాకాలంలో బెరడు కింద తగిలిన మంచు దెబ్బ, ఆ గాయంలోంచి దూరే సూడోమోనాస్ బాక్టీరియా, కొన్నిచోట్ల ఫైటోప్లాస్మా (బాక్టీరియా లాంటి అతి చిన్న జీవి) తెగులు, అన్నీ కలిసి చేసే పని ఇది. ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది ఆప్రికాట్ కాండానికే. అందుకని అక్కడ కాండం వరకు చలికి ఓర్చే ప్లమ్‌ను పెంచి, నేలకు బాగా ఎత్తులో, కొమ్మలు విడిపోయే చోట ఆప్రికాట్ అంటు కడతారు. అంటే నేలకూ గుబురుకూ మధ్య ఉండే సుకుమారమైన భాగం ఆప్రికాట్‌ది కాకుండా పోతుంది. ఊగిసలాడే శీతాకాలం ఉన్నవాళ్లు ఆరుబయట నాటాలనుకుంటే ఎత్తుగా అంటు కట్టిన మొక్క కోసం వెతకడం వృథా ప్రయాస కాదు. ఖరీదు ఎక్కువైనా అదే కొనమంటాను.

ఇక రకాలు

పాత రకాల్లో మూర్‌పార్క్ పేరు ఎక్కడికెళ్లినా వినిపిస్తుంది. 1760లో ఇంగ్లండ్‌లోని మూర్ పార్క్ తోటలో అడ్మిరల్ ఆన్సన్ దగ్గర మొదలైందని చెప్తారు. రుచిలో ఇప్పటికీ దీన్ని దాటినవి తక్కువ. పెద్ద పండు, నోట్లో కరిగే గుజ్జు. కానీ కాయ ఒక పక్క పండి ఇంకో పక్క పచ్చిగా ఉంటుంది, తడి ప్రాంతంలో కొమ్మలు ఎండిపోవడం ఎక్కువ. వెచ్చటి గోడ, పైన కప్పు, రెండూ ఉన్నవాళ్లకు మూర్‌పార్క్ తీసుకోమని మనస్ఫూర్తిగా చెప్తాను. ఆ రెండూ లేనివాళ్లకు వద్దని అంతే గట్టిగా చెప్తాను.

గోడ ఉండి కప్పు వేసే ఓపిక ఉన్నవాళ్లకు ఇంకో దారి టామ్‌కాట్. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో తయారైంది. పూత విరగబూస్తుంది, కాయ పెద్దది, త్వరగా పండుతుంది. చల్లటి వేసవిలో త్వరగా పండడం పెద్ద వరం, ఎండ తగ్గిపోయే లోపే పండు చేతికొస్తుంది. లోపం ఏమిటంటే పూత కూడా ముందే వస్తుంది. ఫ్లేవర్‌కాట్ దీనికి కొంచెం వెనకగా పూస్తుంది, తనంతట తానే కాయ పడుతుంది. తొలిసారి వేసేవాళ్లకు ఈ రెండింటిలో ఫ్లేవర్‌కాట్ కాస్త నిశ్చింత.

పూత ఆలస్యం కావాలంటే బెర్జెరాన్. ఫ్రాన్స్‌లోని లియాన్ దగ్గర పుట్టిన రకం ఇది. ఆలస్యంగా పూస్తుంది, స్వయంగా కాయ పడుతుంది, పండు గట్టిగా ఉండి నిల్వ ఉంటుంది. కానీ ఆలస్యంగా పూసేది ఆలస్యంగానే పండుతుంది. వేసవి పొట్టిగా, చల్లగా ఉన్నచోట బెర్జెరాన్ పండు పులుపు దాటదు. అందుకే లోతట్టు ప్రాంతపు వేడి వేసవికి ఇది చక్కటి ఎంపిక, సముద్రతీరపు ఆరుబయటకు కాదు. ఆలస్యపు పూత, త్వరగా పండడం రెండూ ఒకే చెట్టులో కావాలని అందరం కోరుకుంటాం. ఏదైనా ప్రకటన ఆ రెండూ పూర్తిగా ఇస్తానంటే కాస్త ఆగి ఆలోచించండి.

కెనడాలోని హారో పరిశోధనా కేంద్రం నుంచి హార్ అనే అక్షరాలతో మొదలయ్యే రకాల వరుసే ఉంది. చలికీ తెగుళ్లకూ ఓర్చేలా ఎంపిక చేసినవి. వీటిలో హార్‌గ్లో ఆలస్యంగా పూసేది. మిషిగన్ నుంచి వచ్చిన గోల్డ్‌కాట్ 1967 నాటిది, చలికి మొండిది, వానకు కాయ అంతగా పగలదు, ఒక్క చెట్టుతోనే పంటొస్తుంది. రుచిలో మూర్‌పార్క్ ముందు నిలవదు, నిజమే. కానీ ఆరుబయట, కప్పు లేకుండా, పండ్లు తినాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పే పేరు గోల్డ్‌కాటే.

మైనస్ 30 కన్నా లోతైన చలి వచ్చేచోట మామూలు ఆప్రికాట్ మొగ్గలు నిద్రలోనే చచ్చిపోతాయి. అక్కడ మంచూరియా ఆప్రికాట్ రక్తం కలిసిన రకాలే దిక్కు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం విడుదల చేసిన మూన్‌గోల్డ్, సన్‌గోల్డ్ వీటిలో పేరున్నవి. ఈ రెండూ జంటగా నాటాలి, ఒకదాని పుప్పొడి రెండోదానికి కావాలి. కాయ చిన్నది. కెనడా గడ్డిమైదానాల కోసం తయారైన వెస్ట్‌కాట్ కూడా ఈ కోవదే, దానికీ తోడు ఉండాలి.

తోడు గురించి ఒక హెచ్చరిక. ఐరోపా రకాలు చాలా వరకు ఒంటరిగానే కాస్తాయి, ఉత్తర అమెరికా రకాల్లో కొన్ని కాయవు. గోల్డ్‌రిచ్, హార్‌గ్రాండ్ రెండూ పెద్ద పెద్ద కాయల రకాలు, రెండూ తమ పుప్పొడితో కాయ పట్టవు. అలాగని ఈ రెండింటినీ పక్కపక్కన నాటితే సరిపోతుందనుకోకండి. వాటి జన్యువుల కలయిక వల్ల ఒకదాని పుప్పొడిని ఇంకొకటి కూడా తిరస్కరిస్తుంది. ఒక్క చెట్టుకే చోటున్నప్పుడు స్వయంగా కాయ పట్టే రకం తప్ప ఇంకేదీ వద్దు.

స్వయంగా కాసే రకానికైనా పుప్పొడిని పువ్వు లోపల కదిలించేవాళ్లు కావాలి. ఆప్రికాట్ పూసే రోజుల్లో తేనెటీగ చలికి గూడు దాటదు. పెద్ద తుమ్మెదలు ఇంకాస్త చలిలోనూ తిరుగుతాయి కానీ వాటి మీదే ఆధారపడలేం. మెత్తటి కుంచె తీసుకుని, మధ్యాహ్నం పుప్పొడి పొడిగా ఉన్నప్పుడు ఒక్కో పువ్వును తాకుతూ వెళ్లాలి. పువ్వులన్నీ ఒకేరోజు విచ్చుకోవు కనుక రోజు విడిచి రోజు చేయాలి. గోడ మీది విసనకర్ర చెట్టుకూ కుండీ చెట్టుకూ ఇది పావుగంట పని. కాయకట్టులో వచ్చే తేడా కళ్లకు కనపడుతుంది.

కాయ ఎక్కువ పట్టిన ఏడాది మొహమాటపడకుండా పలచన చేయండి. పిందె హేజెల్ గింజంత (ఓ గోళీ అంత) అయినప్పుడు రెండు కాయల మధ్య ఆరేడు సెంటీమీటర్లు ఉంచి మిగతావి తీసేయాలి. చల్లటి వేసవిలో చెట్టు తయారుచేసే చక్కెర పరిమితమే. దాన్ని వందమందికి పంచితే అందరూ పుల్లగానే ఉంటారు.

కత్తిరింపులో ఎంపిక ఒక్కటే, అది కూడా తేలికైనది. శీతాకాలం వద్దు. ఆపిల్‌ను చలికాలంలో కత్తిరించిన అలవాటుతో ఆప్రికాట్ మీదకు వెళ్తే, తడి గాయంలోంచి వెండి ఆకు తెగులు, బాక్టీరియా పుండు, కొమ్మ ఎండు తెగులు లోపలికి దిగుతాయి. పండ్లు కోసిన తర్వాత, వరుసగా నాలుగు రోజులు ఎండ ఉందని తెలిసినప్పుడు కత్తిరించండి. పంట ఏడాది వయసున్న కొమ్మల మీద, పాత కొమ్మల మీది పొట్టి రెమ్మల మీద వస్తుంది. ఆ పొట్టి రెమ్మలు మూడు నాలుగేళ్లకు అలసిపోతాయి కాబట్టి ఏటా కొంత పాత కొమ్మ తీసి కొత్తదానికి చోటివ్వాలి. నత్రజని ఎరువు వసంతంలోనే, కొద్దిగా. వేసవి చివర వేస్తే కొమ్మ ముదరకుండా పెరుగుతూనే ఉండి మొదటి గట్టి చలికి మాడిపోతుంది.

గింజ నాటి పెంచుదామా అని అడిగేవాళ్లుంటారు. రెండు మూడు నెలలు తడి ఇసుకలో చల్లగా ఉంచితే గింజ మొలుస్తుంది, నాలుగు నుంచి ఏడేళ్లకు కాయవచ్చు. తల్లి పండులాగే ఉంటుందన్న హామీ లేదు. ఎండు చలి ప్రాంతంలో, స్థానికంగా బాగా కాసే చెట్టు గింజ దొరికితే పెంచి చూడడంలో తప్పులేదు, అక్కడి చలికి అలవాటైన తరం అది. తడి ప్రాంతంలో గింజ చెట్టుకు కింద ఉండేది కూడా ఆప్రికాట్ వేరు కనుక, పైన చెప్పిన కారణానికే వద్దంటాను. అంటు మొక్కైతే మూడు నాలుగేళ్లలో కాపుకొస్తుంది.

గోడా లేదు, కప్పు వేసే వీలూ లేదు, ఆఖరి మంచు ప్రతి ఏడూ పూత మీదే పడుతోంది, శీతాకాలం కూడా నిలకడగా ఉండదు అన్నవాళ్లకు ఆరుబయట ఆప్రికాట్ వేయమని చెప్పలేను. కుండీ ఒకటి ప్రయత్నించండి, నేలలో ప్లమ్ వేయండి. ఆప్రికాట్, ప్లమ్ కలిపి పుట్టించిన ఏప్రియమ్ లాంటి సంకర రకాలతో ఈ సమస్య తీరుతుందని ఆశపడకండి, అవి కూడా దాదాపు ఆప్రికాట్‌తో పాటే తొందరగా పూస్తాయి.

నిర్ణయం అయిపోయినవాళ్లు నాటే కాలం కూడా తమ చలిని బట్టే ఎంచుకోవాలి. మెత్తటి చలి ప్రాంతంలో ఆకు రాలిన వెంటనే, నేల ఇంకా గోరువెచ్చగా ఉండగా నాటితే వసంతానికి వేరు కొంత పట్టేస్తుంది. నేల గడ్డకట్టే ప్రాంతంలో శరత్కాలపు నాటు ప్రమాదం, లేత వేరు పట్టు దొరక్కముందే చలికి దొరుకుతుంది. అక్కడ మంచు కరిగి మట్టి పని చేయడానికి వీలైన మొదటి వారంలో, మొగ్గ కదలకముందే నాటాలి. రెండుచోట్లా అంటు కట్టు నేలకు ఓ పది సెంటీమీటర్లు పైన ఉండాలి, మట్టి గానీ ఆకు గానీ దాని మీదకు చేరకూడదు.